ఆరు అంటే ఏ ఆరు? స్పృహ లేని రోగి సంరక్షణపై ఒక ఐసీయూ కేస్ స్టడీ

రోగి వయసు 54. రైస్ మిల్లులో కాటా దగ్గర పని. బీపీ ఉందని చాలా ఏళ్లుగా తెలుసు. తలనొప్పి తగ్గింది కదా అని మాత్రలు ఆపేసి కొన్ని నెలలైంది. ఒకరోజు తెల్లవారుజామున బాత్‌రూమ్‌లో పడిపోతే ఇంట్లోవాళ్లు 108లో తీసుకొచ్చారు. ఆయనెవరో తెలియకుండా ఉండాలని వయసు, వృత్తి, ఇంకొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. ఆసుపత్రి పేరు కూడా ఇక్కడ అవసరం లేదు. కోస్తా వైపు ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి అనుకోండి, చాలు. నేను అక్కడ ఐసీయూ హెడ్ నర్సుని. నర్సింగ్ కాలేజీ పిల్లలు పోస్టింగుకి వస్తే బెడ్ దగ్గర వాళ్లకు పాఠం చెప్పేది కూడా నేనే.

క్యాజువాలిటీలో చూసేసరికి బీపీ 220/120, నాడి 96, షుగర్ 164. షుగర్ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, స్పృహ తప్పిన మనిషి ఎవరొచ్చినా మొదటి నిమిషాల్లోనే వేలికి సూది గుచ్చి చూడాల్సిన పరీక్ష అది. షుగర్ పడిపోయినవాళ్లు కొందరు అచ్చం పక్షవాతం వచ్చినట్టే ఉంటారు. ఈయనకి అది కాదు. కుడి చెయ్యి, కుడి కాలు పూర్తిగా పడిపోయాయి. స్పృహ ఎంతుందో కొలిచే గ్లాస్గో కోమా స్కేల్ మీద (అంకె ఎక్కువైతే మెరుగు) కళ్లు 2, మాట 2, కదలిక 5. సీటీలో ఎడమవైపు మెదడు లోపల, బేసల్ గ్యాంగ్లియా దగ్గర రక్తస్రావం కనిపించింది. వాంతులు, గొంతులో గరగర, ఆక్సిజన్ పడిపోతుండటంతో నోట్లోంచి ట్యూబ్ వేసి, వెంటిలేటర్ పెట్టి మా దగ్గరికి పంపారు. ఆర్డర్లలో బీపీ తగ్గించే లాబెటలాల్ ఇన్‌ఫ్యూజన్ ఉంది, సిస్టోలిక్, అంటే బీపీ పై అంకె, 140 దగ్గర ఉంచమన్నారు. ట్యూబ్‌కి దగ్గకుండా మత్తునిచ్చే నొప్పి మందు ఫెంటనిల్ తక్కువ మోతాదులో నడుస్తోంది.

ఇలాంటి కేసులు మాకు కొత్త కాదు. చలికాలంలో ఒకే వారం ఇద్దరు ముగ్గురు కూడా వస్తారు. జబ్బు గురించి చెప్పడానికి ఇది రాయడం లేదు. స్పృహ లేని రోగి గురించి నర్సుకి ఏం తెలియాలి అని అడిగితే మా వాళ్లు రెండు గంటలకోసారి తిప్పాలి, నోరు శుభ్రం చేయాలి, క్యాథెటర్ చూసుకోవాలి అని గడగడా చెప్పేస్తారు. అన్నీ నిజమే. పరీక్షలో మార్కులు కూడా పడతాయి. కానీ ఈ రోగి దగ్గర మొదటి రాత్రి పనికొచ్చిన తెలివి ఆ జాబితాలో లేదు. తర్వాతి రోజుల్లో మేం పోగొట్టుకున్నది కూడా ఆ జాబితాలో ఉన్న పనిని చేసినట్టే చేసి పోగొట్టుకున్నాం.

మొదటి రాత్రి

మా ఐసీయూలో నైట్ డ్యూటీ రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. మా దగ్గర ఆ రాత్రి ఒక్కొక్కరికి మూడు బెడ్లు. ఈయన్ని రాత్రి మొదటి సగం ఒక సీనియర్ సిస్టర్ చూసింది. అర్ధరాత్రి దాటాక పాము కాటు కేసు ఒకటి రావడంతో ఆమె అటు వెళ్లి, ఈ బెడ్‌ని ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాని జూనియర్‌కి అప్పగించింది. అప్పగింతలో చెప్పిన మాట, "జీసీఎస్ సిక్స్ టీ, సేమ్." జీసీఎస్ అంటే ఆ గ్లాస్గో కోమా స్కేలే. టీ అంటే ట్యూబ్ ఉంది కాబట్టి మాట పరీక్షించలేదని గుర్తు.

నాలుగింటికి జూనియర్ మళ్లీ చూసింది. కళ్లు 2, కదలిక 4. కలిపితే ఆరు. ఛార్టులో పై గడిలో ఉన్నదీ ఆరే. చాలామంది అక్కడితో "సేమ్" అని రాసి పక్క బెడ్‌కి వెళ్తారు. ఈ అమ్మాయి నర్సుల నోట్సు పేజీ వెనక్కి తిప్పి చూసింది. రాత్రి 9 గంటలకు సీనియర్ రాసిన వాక్యం ఒకటి ఉంది: "ఎడమ చెయ్యి ట్యూబ్ దాకా తీసుకొస్తున్నాడు, చెయ్యి కట్టాం." చెయ్యి ట్యూబ్ దాకా వస్తోందంటే ఇబ్బంది ఎక్కడుందో అక్కడికి చెయ్యి వెళ్తోందని. అది కదలిక 5. అక్కడికి వెళ్లకుండా ఊరికే ముడుచుకుంటే 4. అంటే అప్పుడు కళ్లు 1, కదలిక 5. ఇప్పుడు కళ్లు 2, కదలిక 4. మొత్తం ఆరే, కానీ ఆ ఆరు వేరు, ఈ ఆరు వేరు.

తర్వాత ఆమె చేసిన పని నాకు ఇంకా నచ్చింది. చేతికి కట్టిన గుడ్డ విప్పింది. కట్టేసిన చెయ్యి నొసటి దాకా ఎలా వస్తుంది? కట్టు ఉంచే పరీక్షించి 4 అని రాసినవాళ్లను, 3 అని రాసినవాళ్లను కూడా నేను చూశాను. కట్టు విప్పి, కనుబొమ కింద ఎముకలో చిన్న గుంత ఉంటుంది చూడండి, అక్కడ బొటనవేలితో మెల్లగా ఒత్తిడి పెంచుతూ పోయింది. ఎడమ మోచెయ్యి చటుక్కున ముడుచుకుంది, చెయ్యి పక్కకు పోయింది. ఛాతీ దాటి పైకి రాలేదు. కాసేపాగి మళ్లీ చేసినా అంతే. టార్చ్ వేస్తే కుడి కంటి పాప 3 మిల్లీమీటర్లు, చురుగ్గా ముడుచుకుంటోంది. ఎడమది 4, నెమ్మదిగా. ఫెంటనిల్ మోతాదు రాత్రంతా మారలేదు. బీపీ 178/96, నాడి 58. రెండు గంటల ముందు బీపీ 146, నాడి 84.

డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసింది. ఆయన ఇంకో వార్డులో ఉన్నాడు. "లాబెటలాల్ నడుస్తోంది కదమ్మా, నాడి తగ్గుతుంది. కొంచెం తగ్గించి చూడండి" అన్నాడు. అది తప్పు సలహా అనలేం. లాబెటలాల్ నాడిని తగ్గించే మందే. ఈ అమ్మాయి జవాబు మాత్రం మర్నాడు ఆయనే మాకు చెప్పాడు: "సార్, లాబెటలాల్ వల్లయితే బీపీ కూడా తగ్గాలి కదా. బీపీ పెరుగుతోంది, ఎడమ పాప స్లో అయింది, చెయ్యి పైకి రావట్లేదు." డాక్టర్ పరుగున వచ్చాడు. బీపీ పెరుగుతూ నాడి నెమ్మదించడమంటే పుర్రె లోపల ఒత్తిడి పెరుగుతోందని అర్థం. పుస్తకంలో కుషింగ్ రెస్పాన్స్ అని అందరం చదువుకున్నదే. కాకపోతే పుస్తకంలో అది తల గాయం అధ్యాయంలో ఉంటుంది, లాబెటలాల్ ఇంకో అధ్యాయంలో ఉంటుంది. రెండూ ఒకే రోగికి ఒకే రాత్రి ఎదురైతే ఏది ఏదో తేల్చుకోవడానికి అప్పుడు పుస్తకం పక్కన ఉండదు.

మెదడులో ఒత్తిడి తగ్గించే మానిటాల్ వేగంగా ఎక్కించి, అంబూ (చేత్తో ఊపిరి అందించే సంచి) కొడుతూ సీటీకి తీసుకెళ్లారు. రక్తం మెదడు కుహరాల్లోకి దిగింది, నీరు నిలిచి కుహరాలు ఉబ్బాయి. ఉదయం 6 గంటలకల్లా న్యూరోసర్జన్ కుహరంలోకి డ్రెయిన్ వేశారు. మధ్యాహ్నానికి ఎడమ చెయ్యి మళ్లీ ట్యూబ్ దాకా వస్తోంది. ఆ డ్రెయిన్ చూసుకోవడం మా వాళ్లలో కొందరికి కొత్త. గొట్టం సున్నా మట్టం చెవి రంధ్రం ముందుండే చిన్న మెత్తటి ఎముక ఎత్తుకి సరిచెయ్యాలి. మంచం ఎత్తు మార్చినా, రోగిని తిప్పినా, సక్షన్ (గొట్టంతో కఫం లాగడం) చేసినా ముందు డ్రెయిన్ మూసి, పని అయ్యాక మట్టం మళ్లీ చూసి తెరవాలి. మూయకుండా తల ఎత్తితే ఒక్కసారిగా నీరు కారిపోతుంది. ఈ ఒక్క విషయం పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి మంచానికి అంటించాం.

స్కేల్ గురించి మా వాళ్లకు తెలిసింది, తెలియనిది

గ్లాస్గో కోమా స్కేల్‌ని 1974లో గ్రాహమ్ టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు తయారు చేశారు. 2014లో, 40 ఏళ్లయిన సందర్భంగా, వాడే పద్ధతిని సవరించారు. ఆ సవరణలో ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఏ భాగాన్నైనా పరీక్షించడం కుదరకపోతే అక్కడ 1 వెయ్యకూడదు, కుదరలేదనే రాయాలి. అప్పుడు మొత్తం చెప్పకూడదు కూడా. ఆ లెక్కన మేం రోజూ పలికే "సిక్స్ టీ" అన్నది అసలు వాడకూడని మాట. మూడు భాగాలూ విడిగా చెప్పాలి. ముఖ్యంగా కదలిక. రోగి మెరుగవుతున్నాడా, దిగజారుతున్నాడా అన్నది అన్నిటికంటే బాగా తెలిపేది అదే.

ఆ వారం డ్యూటీ మారే వేళల్లో ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి మామూలుగా మాట్లాడినట్టే అడిగాను. పరీక్ష పెడుతున్నానంటే టెన్షన్ పడి పుస్తకం వాక్యాలే చెబుతారు. నొప్పి ఎక్కడ పెడతావమ్మా అంటే చాలామంది పిడికిలితో ఛాతీ ఎముక మీద రుద్దుతామన్నారు. సూదితో గుచ్చుతామన్నవాళ్లూ ఉన్నారు. రెండూ వద్దు. ఛాతీ రుద్దితే కమిలిపోతుంది. పైగా చెయ్యి ఎటూ ఛాతీ దగ్గరికే వస్తుంది కాబట్టి 4కీ 5కీ తేడా తెలియదు. ఇప్పుడు నొప్పి అనే మాట కూడా మానేసి ఒత్తిడి అంటున్నారు. కళ్లు తెరుస్తాడా అని చూడాలంటే వేలి చివర, గోరు పక్కన పెన్నుతో ఒత్తాలి. నొసటి దగ్గర ఒత్తితే మనిషి ముఖం ముడుచుకుని కళ్లు ఇంకా గట్టిగా మూస్తాడు. కదలిక కోసం మెడ, భుజం కలిసే చోటి కండ గానీ కనుబొమ కింది గుంత గానీ నొక్కాలి. పది సెకన్ల దాకా మెల్లగా పెంచాలి. ఒక్కసారిగా గిచ్చేసి లేదనకూడదు.

ఏ చెయ్యి చూడాలన్నది ఇంకో ప్రశ్న. ఈయనకి కుడివైపు పడిపోయింది. కుడివైపు నిలబడే అలవాటున్న ఒక సిస్టర్ కుడి చేతినే పరీక్షించి కదలిక 1 అని రాసింది. స్కేల్‌కి రెండు చేతుల్లో మెరుగైనది లెక్క. కుడి ఎడమల తేడా రాయాల్సిందే, అయితే అది వేరే గడిలో. రక్తస్రావం ఎడమవైపు, అంటే చాలామందికి మాట ఉండే వైపే, కాబట్టి ట్యూబ్ తీశాక కూడా ఈయన మాట స్కోరుని నమ్మలేం. స్పృహ ఉండి కూడా మాట రాకపోవచ్చు. చెప్పింది అర్థం కాకపోవచ్చు.

పిలిచే పద్ధతి కూడా ఉంది. కేస్ షీట్‌లో ఉన్నది ఓటరు కార్డు పేరు. ఇంట్లో, మిల్లులో అందరూ "చిన్నయ్య" అంటారని ఆయన కూతురు చెప్పింది. కేస్ షీట్ పేరుతో పిలిస్తే కదలని మనిషి "చిన్నయ్యా, ఇటు చూడు" అంటే రెప్ప కదిపిన రోజు ఉంది. అప్పటినుంచి కేస్ షీట్ మొదటి పేజీలో పిలుపు పేరు, చెవుడు ఏమైనా ఉందా, ఏ చేతివాటం అన్న మూడూ రాయిస్తున్నాను. డబ్బు ఖర్చు లేని మార్పు.

ఛార్టులో "మొత్తం" గడి మీద అడ్డంగా గీత కొట్టించాం. డ్యూటీ మారేటప్పుడు వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు ఇద్దరూ కలిసి బెడ్ దగ్గరే ఒకసారి పరీక్షించి, ఇద్దరూ ఒప్పుకున్న అంకెలు రాస్తారు. ఇది మొదలుపెట్టినప్పుడు కొందరు సణిగారు, బస్సు పోతుందని. నిజమే, ఒక్కో రోగికి రెండు మూడు నిమిషాలు పడుతుంది.

తెల్లవారుజామున ఐదింటికి

దీని గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను. మన ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీ వాళ్లు తెల్లవారుజామున ఐదింటికి మార్నింగ్ కేర్ మొదలుపెడతారు. డాక్టర్లు రౌండ్స్‌కి వచ్చేసరికి వార్డు కళకళలాడాలని. మంచం చదునుగా దించి, ఒళ్లు తుడిచి, దుప్పటి మార్చి, అటూ ఇటూ దొర్లించి, సక్షన్ చేసి, నోరు కడిగి అన్నీ ఒకే ఊపులో అరగంటలో అయిపోతాయి. మామూలు రోగికి పర్వాలేదు. పుర్రెలో ఒత్తిడి పెరిగిన రోగికి వీటిలో ప్రతి పనీ ఆ ఒత్తిడిని ఇంకొంచెం పెంచుతుంది. ఒకదాని మీద ఒకటి పడితే దిగడానికి సమయమే ఉండదు.

ఆ రాత్రి నాలుగున్నరకి ఎం.ఎన్.ఓ. (మగ నర్సింగ్ ఆర్డర్లీ) స్పాంజి బేసిన్ పట్టుకుని ఈ బెడ్ దగ్గరికి వచ్చేశాడు. జూనియర్ అతన్ని వెనక్కి పంపింది. ఆమె ఒకవేళ ముందు ఒళ్లు తుడిపించి తర్వాత డాక్టర్‌ని పిలుద్దామనుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

ఇప్పుడు మెదడు కేసులకు ఈ పనుల్ని విడదీశాం. సక్షన్ చేశాక కనీసం పది పదిహేను నిమిషాలు వదిలేసి అప్పుడు తిప్పడం. ఒళ్లు తుడవడం పగటి డ్యూటీకి మార్చేశాం, ఒప్పించడానికి కొంత వాదించాల్సి వచ్చింది. తల 30 డిగ్రీల ఎత్తులో, మెడ నిటారుగా. దిండు ఒక వైపు జారితే మెడ వంగి, తల నుంచి రక్తం దిగే నరం నొక్కుకుంటుంది. ట్యూబ్ కట్టిన టేపు మెడ వెనక బిగుతుగా ఉన్నా అంతే, ఒక వేలు దూరాలి. సక్షన్ ఒకసారికి 10 నుంచి 15 సెకన్లు మించకూడదు, ముందు పూర్తి ఆక్సిజన్ ఇవ్వాలి, కఫం ఉంటేనే చెయ్యాలి. గంటకోసారి అని టైమ్ టేబుల్ పెట్టి చేసేది కాదు. సక్షన్ క్యాథెటర్ లావు ట్యూబ్ లోపలి వెడల్పులో సగం దాటకూడదు. 8 నంబరు ట్యూబ్‌కి 12 సైజు సరిపోతుంది. మా ట్రాలీలో 14లే ఎక్కువ ఉంటాయి, స్టోర్స్‌లో అవే ఇస్తారు కాబట్టి. ఇండెంట్ మార్చి రాయడం కూడా నర్సింగ్ పనే.

కన్ను

నాలుగో రోజు పొద్దున ఎడమ కన్ను ఎర్రగా ఉంది. రెప్పలు పూర్తిగా మూతపడటం లేదు. కింద తెల్లటి గీతలా సందు కనిపిస్తోంది. ఆ సందులోంచి నల్లగుడ్డు అంచు కూడా కనబడుతోంది. దాని మీద ఎవరో తడి గాజుగుడ్డ వేసి ప్లాస్టర్ అంటించారు. మంచి ఉద్దేశమే. కానీ గంటలో ఆ గాజుగుడ్డ ఆరిపోతుంది. ఆరిన గుడ్డ నేరుగా నల్లగుడ్డుని గీరుతుంది. స్పృహ ఉన్నవాడైతే "మండుతోంది సిస్టర్" అంటాడు. ఈయన అనలేడు.

కంటి డాక్టర్‌ని పిలిచాం. రంగు మందు వేసి చూసి పైపొర కొంచెం లేచిందన్నారు. పుండు కాలేదు. మేం నేర్చుకుని మిగతావాళ్లకి చెప్పింది ఇది: రెప్పలు పూర్తిగా మూసుకుంటే శుభ్రం చేస్తూ ఉంటే చాలు. తెల్లగుడ్డు కనిపిస్తుంటే కంటి లూబ్రికెంట్ ఆయింట్‌మెంట్ వెయ్యాలి. నల్లగుడ్డు కనిపిస్తుంటే ఆయింట్‌మెంట్ వేసి, రెప్ప మూసి, పైన శుభ్రమైన పలుచని పాలిథిన్ పొర కప్పాలి. పాలిథిన్ లోపల తేమ నిలుస్తుంది, కన్నుకి తగలదు, అందులోంచి పాప కూడా చూడొచ్చు. చుక్కల మందు ఒక్కటే వేసేకంటే ఇది మెరుగని పరిశోధనల్లో తేలింది. ఇంకోటి, సక్షన్ క్యాథెటర్‌ని కంటి మీదుగా తీసుకెళ్లకూడదు. ట్యూబ్‌లోంచి తీసిన కఫం చుక్క కంట్లో పడితే సూడోమోనాస్ లాంటి సూక్ష్మజీవి నల్లగుడ్డుని రోజుల్లోనే తినేస్తుంది. తలవైపు నిలబడి కాక పక్కన నిలబడి సక్షన్ చేస్తే ఆ బెడద ఉండదు.

మడమ

ఆరో రోజు కుడి మడమ మీద బొబ్బ లేదు, పుండు లేదు. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద ముదురు మచ్చ, వంగపండు రంగు. ఈయన చర్మం నలుపు. పుస్తకాల్లో బెడ్ సోర్ మొదటి గుర్తు "ఎరుపు" అని ఉంటుంది. మన రోగుల్లో చాలామందికి ఎరుపు కనిపించనే కనిపించదు. ఎర్రబడిందా అని చూస్తే లేదనే జవాబు వస్తుంది. మా ఛార్టులో అయిదు రోజులూ "చర్మం బాగుంది" అనే ఉంది. నల్లటి చర్మంలో చెయ్యి పెట్టి చూడాలి. చుట్టూ ఉన్న చోటి కంటే వేడిగా ఉందా, చల్లగా ఉందా, గట్టిగా తగులుతోందా, మెత్తగా పిండిలా ఉందా? రంగు ఎరుపే కానక్కర్లేదు, పక్క చర్మం కంటే ముదురైనా చాలు.

ఇంతకీ ఎందుకొచ్చింది? రెండు గంటలకోసారి తిప్పారు. సంతకాలున్నాయి, నేను కూడా చూశాను. ఎయిర్ బెడ్ ఉంది. కానీ ఎయిర్ బెడ్ నడుముకీ పిరుదులకీ సాయపడినంతగా మడమకి సాయపడదు, కాలి బరువంతా ఆ చిన్న ఎముక మీదే ఉంటుంది. పైగా మడమ కింద నీళ్లు నింపిన గ్లౌజ్ పెట్టారు. మన వార్డుల్లో తరతరాల అలవాటు ఇది, నేను విద్యార్థినిగా ఉన్నప్పుడు నాకూ నేర్పారు. నీళ్ల గ్లౌజ్ బరువుని పంచదు. నొక్కినప్పుడు నీళ్లు పక్కకు పోయి ఎముక కింది మంచానికే ఆనుతుంది. గుండ్రటి రింగు దిండ్లు కూడా అంతే, అంచు దగ్గర రక్తం ఆడనివ్వవు. పిక్క కింద పొడవుగా దిండు పెట్టి మడమని గాలిలో ఉంచాలి, మడమ కింద చెయ్యి దూరిపోవాలి. మోకాలు కొంచెం వంగి ఉండాలి.

స్పిరిట్, పౌడర్ రాసి రుద్దే బ్యాక్ కేర్ సంగతి ఎత్తితే పెద్ద సిస్టర్లకు కోపమొస్తుంది. అయినా చెప్పాలి. రంగు మారిన చోట రుద్దితే లోపల ఇప్పటికే నలిగిన కండ ఇంకా చితుకుతుంది. స్పిరిట్ చర్మాన్ని ఎండగొడుతుంది. తుడవండి, ఆరబెట్టండి, మాయిశ్చరైజర్ రాయండి, రుద్దకండి. ఈయన మచ్చ పదిహేను రోజుల్లో నల్లటి పెచ్చుగా మారింది. దాన్ని పీకకుండా పొడిగా ఉంచాం.

అన్నవాహిక, నోరు

ఇవి త్వరగా ముగిస్తాను, ఈ రోగి దగ్గర పెద్ద ఇబ్బంది రాలేదు. రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి వేసే ఫీడ్ గొట్టం) వేశాక గాలి కొట్టి పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టి "బుస్" శబ్దం వింటే చాలనుకుంటారు. ట్యూబ్ ఊపిరితిత్తిలో ఉన్నా ఆ శబ్దం వినిపిస్తుంది. ఎక్స్‌రే చూడాలి, లేదా లోపలి నుంచి తీసిన రసం పీహెచ్ 5.5 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. ముక్కు దగ్గర ట్యూబ్ మీద గుర్తు పెట్టి, ప్రతి ఫీడ్ ముందూ ఆ గుర్తు జరిగిందా చూడాలి. బీపీ మాత్రల్లో నెమ్మదిగా కరిగే రకం ఉంటాయి. వాటిని నూరి ట్యూబ్‌లో పోస్తే రోజంతటి మందూ ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. ఫార్మసీని అడిగి మామూలు రకం తెప్పించుకోవాలి.

శ్వాస ట్యూబ్ చివర ఉబ్బే బుడగ, అంటే కఫ్‌లో గాలి వేలితో నొక్కి "గట్టిగానే ఉంది" అని రాస్తారు. కొలిచే మీటరుంది, 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య ఉండాలి. మాది ఒక్కటే మీటరు, బీరువాలో తాళం వేసి ఉండేది. ఇప్పుడు ట్రాలీ మీద ఉంది. నోటికి పళ్లు తోమడమే ముఖ్యం, చిన్నపిల్లల బ్రష్‌తో, పక్కన సక్షన్ పెట్టుకుని. వెంటిలేటర్ రోగులకు క్రిమినాశిని క్లోర్‌హెక్సిడిన్‌తో నోరు కడగవద్దని 2022లో అమెరికా ఇన్ఫెక్షన్ నివారణ నిపుణుల సంఘాలు చెప్పాయి. మా దగ్గర ఇంకా సీసాలు ఉన్నాయి.

వినిపిస్తుందా?

ఆయన భార్య రోజూ విజిటింగ్ అవర్‌లో వచ్చి కాళ్ల దగ్గర నిలబడి ఏడ్చి వెళ్లేది. వారం తర్వాత నన్ను అడిగింది: "సిస్టరమ్మా, మా ఆయనకి నా మాట వినబడుద్దా?" వినబడుతుందని మాటిచ్చే హక్కు నాకు లేదు. లేదని చెప్పే హక్కు అంతకన్నా లేదు. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, ఏ స్పందనా లేదనుకున్న ఒక యువతిని టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంటే మెదడు స్కాన్‌లో ఆ కదలికకు సంబంధించిన భాగం వెలగడం చూసింది. 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో, చెప్పిన పని చేయలేని 241 మంది రోగుల్లో 60 మందికి, అంటే నలుగురిలో ఒకరికి, మెదడు లోపల ఆ ఆదేశాలకు స్పందన ఉంది. వాళ్లు ఎక్కువగా గాయం తగిలి నెలలు గడిచినవాళ్లు. మా రోగికి ఆ స్కాన్ చెయ్యలేదు, మా ఊళ్లో ఆ వసతి లేదు.

ఆమెకి నేను చెప్పింది ఇంతే: "తల దగ్గరికి రామ్మా, ఎడమవైపు నిలబడు, ఎడమ చెయ్యి పట్టుకో, మిల్లు సంగతులు చెప్పు. ఏడవాలనిపిస్తే బయటికెళ్లి ఏడువు." మా వాళ్లకి చెప్పింది ఇంకోటి. మంచం పక్కన నిలబడి "ఇది లాభం లేని కేసు" అనుకోవడం, ఇంటి గొడవలు చెప్పుకోవడం ఆపేయాలి. చెయ్యి వేసేముందు పేరు పెట్టి పిలిచి, ఏం చెయ్యబోతున్నారో చెప్పాలి. ఇందులో నిపుణత ఏముందని ఒక విద్యార్థిని అడిగింది. నువ్వు చెప్పిన మాటకి నాడి 76 నుంచి 90కి ఎక్కితే మానిటర్ వైపు చూడమన్నాను. సక్షన్ అని చెప్పిన ప్రతిసారీ ఈయనకి అలాగే అయ్యేది. గొట్టం ఇంకా దగ్గరికి రాకముందే.

పన్నెండో రోజు ట్రకియాస్టమీ చేశారు, అంటే గొంతు ముందు రంధ్రం చేసి శ్వాస ట్యూబ్ అక్కడ పెట్టారు. పదహారో రోజు భార్య "ఇదిగో, నా చెయ్యి నొక్కు" అంటే నొక్కాడు. ఆమె అరిచింది. నేను వెళ్లి చూసి వదలమన్నాను, వదిలాడు. నొక్కడం ఒక్కటే చాలదు, అరచేతిలో ఏది పెట్టినా మూసుకునే రిఫ్లెక్స్ ఉంటుంది. వదలమంటే వదలడం చూసి కదలిక 6 అని రాశాం.

డిశ్చార్జికి ముందు వారం రోజులు కూతురికి ఫీడ్ పొయ్యడం నేర్పాం. కూర్చోబెట్టి మాత్రమే పొయ్యాలి, పోశాక గంట పడుకోబెట్టకూడదు, రాగి జావ వడకట్టి పలుచగా, ముందూ వెనకా మంచినీళ్లు. ఆమె తల్లికి రోగిని తిప్పడం, పిక్క కింద దిండు పెట్టడం నేర్పాం. అమ్మాయి అన్నీ ఫోన్‌లో వీడియో తీసుకుంది. మేం చేతులతో చూపించిన దానికంటే అదే ఎక్కువ పనికొచ్చిందని తర్వాత చెప్పింది.

ఆరు వారాల తర్వాత ఓపీకి వీల్‌చెయిర్‌లో వచ్చాడు. రైల్స్ ట్యూబ్ తీసేశారు, ట్రకియాస్టమీ రంధ్రం పూడింది. "ఆఁ", "వద్దు", భార్య పేరు, ఇవి వస్తున్నాయి. కుడి చెయ్యి ఇంకా లేదు. కుడి పాదం కిందికి వాలిపోయింది. ఐసీయూలో పాదానికి స్ప్లింట్ మొదటి వారమే పెట్టి ఉండాల్సింది, ఫిజియోథెరపీ విభాగం నుంచి వచ్చేసరికి మూడో వారం అయింది. మడమ మీద పెచ్చు ఊడి కింద కొత్త చర్మం వచ్చింది. బీపీ 138/86. మాత్రల స్ట్రిప్ కూతురి హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది, ఏ రోజు మాత్రకు ఆ రోజు తేదీ వెనక పెన్నుతో రాసి ఉంది.